విజ్ఞాన వీచిక: జీవకణంలో గేట్ పాస్

చిట్టెలుక పిల్ల కళ్ళు మూసుకునే పుడుతుంది. పన్నెండు నుంచి పధ్నాలుగు రోజులు గడిస్తే గాని దాని రెప్పలు విడివడవు. 1950 దశకంలో అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త, మగ ఎలుకల లాలాజల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు ఎక్కించి చూడగా, ఆరేడు రోజులకే వాటి కళ్ళు తెరుచుకున్నాయి. పళ్ళు కూడా ముందుగానే వచ్చాయి. సెయింట్ లూయిస్ నగరంలో రీటా లెవి మోంటాల్చినితో కలిసి నాడీకణాల పెరుగుదలపై చేస్తున్న పరిశోధనలో ఇది అనుకోకుండా ఎదురైన విషయం. మరొకరైతే దీనిని పక్కనపెట్టి అసలు పని చూసుకునేవారేమో! కోహెన్ దానినే పట్టుకున్నారు. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి మారిన తరువాత, 1962లో ఆ పదార్థాన్ని వేరుచేసి లోకానికి వెల్లడించారు. అదే బాహ్యచర్మ వృద్ధి కారకం. పొడి అక్షరాలలో ఇ.జి.ఎఫ్. యాభైమూడు అమైనో ఆమ్లాలు గుచ్చిన చిన్న గొలుసు అది. 1986లో వారిద్దరినీ నోబెల్ బహుమతి వరించింది.

ఈ పదార్థం గురించి ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం ఒక ఉత్తరం. మన సంస్థ సహోద్యోగి ఒకరి సతీమణి రెండు నెలల క్రితం ఈ శీర్షికకు రాశారు. ఆమె తండ్రిగారికి చాలా ఏళ్ళుగా మధుమేహం. అరికాలిలో పుండు పడి ఎంతకూ మానకపోవడంతో, డాక్టరుగారు ఇ.జి.ఎఫ్. కలిసిన జెల్ పూయమని రాసి ఇచ్చారు. అదే ఇంట్లో ఆమె తల్లిగారికి నాలుగేళ్ళ క్రితం బుగ్గ కేన్సరుకు చికిత్స జరిగింది. అప్పుడు రేడియేషనుతో పాటు, ఇ.జి.ఎఫ్. పనిని అడ్డుకునే ఇంజెక్షను ఇచ్చారట. "ఒకే పదార్థం అమ్మకు అందకూడదన్నారు, నాన్నకు పూయమంటున్నారు. ఏమీ తోచక ట్యూబు తెరవకుండా ఫ్రిజ్‌లో పెట్టేశాను" అని ఆమె రాశారు. పత్రిక అచ్చయ్యేదాకా పుండు ఆగదు కనుక, వెంటనే డాక్టరుగారిని కలవమని అప్పుడే జవాబు పంపాము. మేము వైద్యులము కాము. ముప్పై ఏళ్ళుగా యంత్రాల మధ్య, సరుకు రవాణా లెక్కల మధ్య గడిపినవారము. అయినా ఆ ప్రశ్న మా పనికి కొంత దగ్గరగానే ఉన్నదని అనిపించింది. ఎందుకో క్రమంగా మనవి చేస్తాము.

వృద్ధి కారకం ఆహారం కాదు, ఇంధనం కాదు. అది ఒక కబురు. ఒక కణం దానిని పంపుతుంది. మరొక కణం తన పొరలో అమర్చుకున్న గ్రాహకంతో అందుకుంటుంది. గ్రాహకం తల కణం వెలుపల, తోక లోపల ఉంటాయి. కబురు వచ్చి తలకు తగలగానే లోపలి తోక మేల్కొని, "విభజన చెందు", "కదులు", "చావకు" అనే ఆజ్ఞలను కణకేంద్రం దాకా అందిస్తుంది. ఇంత బలమైన ఆజ్ఞను ఎవరుపడితే వారు, ఎప్పుడుపడితే అప్పుడు జారీ చేస్తే శరీరం శరీరంగా మిగలదు. అందుచేత అసలు ప్రశ్న ఈ కబురు ఎలా తయారవుతుందన్నది కాదు, ఎలా విడుదలవుతుందన్నది.

1983లో ఇ.జి.ఎఫ్. జన్యువును చదివినప్పుడు ఒక వింత బయటపడింది. యాభైమూడు కడియాల ఈ గొలుసును కణం ఉన్నపళంగా తయారు చేయడం లేదు. మొదట దాదాపు 1,200 కడియాల భారీ ప్రోటీనును తయారు చేసి, దాని ఒక చివరను కణపొరలో గుచ్చి ఉంచుతున్నది. అందులోనుంచి చిన్న ముక్కను కోసి తీస్తే అది ఇ.జి.ఎఫ్. యంత్రశాలకు ఇటువంటి డ్రాయింగు వస్తే, ఇంత లోహం వృథా చేసి ఇంత చిన్న భాగం చేయడమేమిటని ఫోర్‌మన్ తిప్పి పంపుతాడు. దీని దగ్గరి బంధువు టి.జి.ఎఫ్. ఆల్ఫా అయినా అంతే. 160 కడియాలుగా పుట్టి, పొరకు కట్టుబడి ఉండి, కోత పడిన తరువాత 50 కడియాలుగా బయటికి వస్తుంది. ఈ కుటుంబంలోని కారకాలు దాదాపు అన్నీ ఇలా కట్టుగొయ్యకు కట్టిన దూడలుగానే పుడతాయి. మొదట వృథాగా కనిపించినది నిజానికి ఆ కట్టుతాడు.

కట్టుతాడు విప్పేదాకా దూడ ఎక్కడెక్కడ తిరుగుతుందో కొంత చెప్పుకోవాలి. ప్రోటీను తయారయ్యేది అంతర్జీవ ద్రవ్యజాలం అనే మడతల పొరల వద్ద. అక్కడ మడతపడి, తనిఖీ అయి, చిన్న చిన్న తిత్తులలో ఎక్కి గాల్జీ సంక్లిష్టానికి చేరుతుంది. అక్కడ చక్కెర తొడుగులు, తుదిమెరుగులు దిద్దుకుని, మళ్ళీ తిత్తులలో కణపొరకు వెళుతుంది. ఈ మార్గాన్ని గుర్తించినందుకు జార్జి పలాడే 1974లోను, తిత్తుల రవాణాను నడిపే జన్యువులను, యంత్రాంగాన్ని వెలికితీసినందుకు రాండీ షెక్‌మన్, జేమ్స్ రాత్‌మన్, థామస్ సుడాఫ్ 2013లోను నోబెల్ అందుకున్నారు. పాఠ్యపుస్తకాలలో ఇదంతా ఒక బాణపు గుర్తుల బొమ్మగా ఉంటుంది; సరుకు ఎక్కింది, దిగింది, వెళ్ళిపోయింది అన్నట్లు. రవాణా విభాగంలో పనిచేసిన వారెవరూ ఆ బొమ్మను నమ్మరు. ఏ సరుకు ఏ లారీలో ఎక్కాలి, ఎవరి సంతకంతో ఎక్కాలి అన్నదే అక్కడ అసలు పని.

ఆ సంతకం ఎవరిదో మొదట చూపించినది పండ్ల ఈగ, అంటే అరటిపండ్ల చుట్టూ మూగే ఆ చిన్న ఈగే. జర్మనీలోని హైడెల్‌బర్గ్ ప్రయోగశాలలో క్రిస్టియానె న్యుస్లైన్ ఫోల్హార్డ్, ఎరిక్ వీషౌస్ ఈగ పిండాల నిర్మాణాన్ని చెడగొట్టే ఉత్పరివర్తనాలను వేలకొద్దీ జల్లెడపట్టి, 1995 నోబెల్‌లో భాగస్వాములయ్యారు. అలాంటి గాలింపులలో దొరికిన జన్యువులలో ఒకటి స్పిట్జ్. జర్మన్ భాషలో మొనదేలినది అని అర్థం. ఇది ఈగలో ఇ.జి.ఎఫ్. వంటి వృద్ధి కారకం. రాంబాయిడ్ అనేది మరొకటి. మూడవది స్టార్; ఇది దెబ్బతిన్న ఈగల కళ్ళు చిన్నవై, గరుకుగా ఉంటాయి. ఈ మూడింటిలో ఏది చెడినా పిండానికి కలిగే నష్టం ఒకే తీరుగా ఉన్నది. అంటే మూడూ ఒకే పనిలో ఉన్నాయన్నమాట. కానీ ఏ పని?

చిక్కుముడి ఎక్కడంటే, స్పిట్జ్ ఈగ శరీరంలో దాదాపు అన్ని కణాలలోను తయారవుతున్నది. రాంబాయిడ్ మాత్రం కబురు అవసరమైన చోట, అవసరమైన గంటలలో, కొద్ది కణాలలోనే కనిపిస్తున్నది. సరుకు అన్ని గోదాములలోను ఉన్నది, అధికారి కొన్ని గేట్ల దగ్గరే ఉన్నాడు. ఉత్పత్తి లక్ష్యాల బోర్డును అందరూ చూస్తారు. గేట్ పాస్ పుస్తకాన్ని ఎవరూ చూడరు. ఇక్కడ జీవశాస్త్రం ఆ పుస్తకాన్నే తెరిచి చూడవలసి వచ్చింది.

2001లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో మాథ్యూ ఫ్రీమన్ బృందం సమాధానం చెప్పింది. స్పిట్జ్ తయారైన తరువాత అంతర్జీవ ద్రవ్యజాలంలోనే ఉండిపోతుంది. తనంతట తాను కదలదు. దానిని వెంటబెట్టుకుని గాల్జీకి చేర్చేది స్టార్. గాల్జీలో కాచుకుని ఉండి దాని కట్టుతాడు కోసేది రాంబాయిడ్. కోత పడిన ముక్క అక్కడనుంచి తిత్తులలో బయలుదేరి కణం వెలుపలికి పోతుంది. గమనించండి, సరుకు ఒక గదిలో, కత్తెర మరొక గదిలో. రెంటినీ వేరుగా ఉంచడమే తాళం. మన విద్యుత్ కేంద్రాలలో ఐసొలేటరు, బ్రేకరు ఒకదాని అనుమతి లేనిదే మరొకటి కదలకుండా ఇంటర్‌లాకు పెడతాము. అటువంటి ఆలోచన ఒక ఈగ కణంలో కోట్ల ఏళ్ళుగా పనిచేస్తున్నది.

ఆ కత్తెర సంగతి మరీ ఆశ్చర్యకరం. ఏ ప్రోటీనునైనా కోయడానికి నీటి అణువు కావాలి. కణపొర చూస్తే నూనె వంటి కొవ్వు పదార్థం. మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. రాంబాయిడ్ కోత పడే చోటు ఆ పొర లోపలే ఉన్నదని ఫ్రీమన్ బృందం వాదించింది. నూనెలో నీటితో చేసే పని ఎలా సాగుతుందని సందేహం రావడం సహజమే. 2006లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన యా హా బృందం, ఇ.కోలై అనే సూక్ష్మజీవిలోని రాంబాయిడ్ ఆకృతిని ఎక్స్‌రే కిరణాలతో చిత్రించింది. ప్రోటీను తన పలకల మధ్య ఒక చిన్న గుంటను ఏర్పరచుకుని, అందులోకి బయటి నీటిని రానిస్తున్నదని తేలింది. చమురు తొట్టి మధ్యలో నీళ్ళ గిన్నె! మా వృత్తి జీవితంలో చూసిన ఏ సీలింగు ఏర్పాటూ ఇంత చక్కనిది కాదని ఒప్పుకోవాలి.

ఇక్కడితో అయిపోలేదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో బెన్‌జయన్ షీలో బృందం 2007లో మరో సంగతి చూపింది. రాంబాయిడ్ కుటుంబంలోని కత్తెరలు స్పిట్జ్‌నే కాక, దానిని మోసుకొచ్చే స్టార్‌ను కూడా కోసేస్తాయి. కోసిన స్టార్ ఇక సరుకు మోయలేదు. ద్రవ్యజాలంలోనే ఈ కోత జరిగితే గాల్జీకి చేరే సరుకు తగ్గిపోతుంది. ఆ మేరకు కబురూ తగ్గుతుంది. ఈగ కంటిలో ఎన్ని కణాలు ఏ పని చేపట్టాలన్నది ఈ కొలత మీదనే నిలుస్తుంది. కబురు ఉండడం, లేకపోవడం మాత్రమే కాదు, ఎంత అన్నది కూడా రవాణాలోనే తేలుతున్నదన్నమాట.

పేర్ల గురించి ఒక్క మాట. ఈగ అండంలో ఏది వీపు, ఏది పొట్ట అని నిర్ణయించే మరో వృద్ధి కారకానికి గుర్కెన్ అని పేరు; జర్మన్‌లో దోసకాయలు. దానిని ద్రవ్యజాలం నుంచి దాటించే తోడుకు కార్నిషాన్ అని పేరు. ఫ్రెంచిలో ఊరగాయ పెట్టే చిన్న దోసకాయ. ప్రయోగశాలలో భోజనవేళ దాటిపోయిందేమో తెలియదు. మనవారు పెట్టి ఉంటే ఈ పాటికి బుడమకాయ కూడా చేరేది.

మన వంటి క్షీరదాలలో ఏర్పాటు కొంత వేరు. ఇక్కడ సరుకు అంత గట్టిగా లోపల బందీ కాదు. పొరకు కట్టుబడి ఉన్న స్థితిలోనే కణం ఉపరితలానికి చేరి నిలుస్తుంది. కత్తెర కూడా ప్రధానంగా అక్కడే పనిచేస్తుంది. దాని పేరు అడామ్-17. 1997లో రెండు బృందాలు దీనిని గుర్తించాయి. అప్పుడు వారు వెతుకుతున్నది వృద్ధి కారకాల కత్తెరను కాదు, వాపును రగిల్చే టి.ఎన్.ఎఫ్. అనే మరో కబురును కోసి విడుదల చేసే ఎంజైమును. మరుసటి ఏడాది, అంటే 1998లో, ఈ కత్తెర పనిచేయని ఎలుకలను పుట్టించి చూశారు. అవి కళ్ళు తెరుచుకునే పుట్టాయి! చాలా పిల్లలు పుట్టిన వెంటనే మరణించాయి.

కోహెన్ ఎలుకలు గుర్తున్న పాఠకులు ఇక్కడ తికమకపడవచ్చు. కబురు ఎక్కువైతే కళ్ళు త్వరగా తెరుచుకున్నాయి కదా, కబురు విడుదల కాకపోయినా తెరుచుకునే ఉన్నాయేమిటి? జవాబు కాలంలో ఉన్నది. ఎలుక పిండంలో రెప్పలు తల్లి కడుపులో ఉండగానే పెరిగి ఒకదానితో ఒకటి అతుక్కోవాలి. ఆ పెరుగుదలకు టి.జి.ఎఫ్. ఆల్ఫా వంటి కారకాలు కావాలి. కత్తెర లేని ఎలుకలో ఆ కారకం తయారవుతూనే ఉన్నది, కణపొర మీద నిలిచే ఉన్నది. కట్టుతాడు తెగలేదు కనుక రెప్ప మూతపడలేదు. పుట్టిన తరువాత అదే కుటుంబపు కబురు రెప్ప చర్మాన్ని ముదిరించి, విడివడేలా చేస్తుంది. ఒకే కబురు ముందు మూస్తుంది, తరువాత తెరుస్తుంది. పై ఉత్తరం రాసిన సోదరి సందేహానికి సగం జవాబు ఇందులోనే ఉన్నది.

గోదాము పోలిక ఒకచోట నిలవదని కూడా చెప్పాలి. కట్టి ఉన్న కారకం పూర్తిగా మూగది కాదు. ఆనుకుని ఉన్న పక్క కణపు గ్రాహకాన్ని తాకి కబురు చెప్పగలదని 1989లో తేలింది. తాడు తెగితే ఊరికి కబురు, తెగకపోతే పక్కింటికి కబురు.

ఇక ఆ కత్తెరకు గేట్ పాస్ ఇచ్చేదెవరు? 2012లో తేలిన సంగతి మాకు అన్నిటికంటే నచ్చింది. రాంబాయిడ్ కుటుంబంలోనే, కోసే శక్తి పూర్తిగా పోగొట్టుకున్న సభ్యులు కొందరున్నారు. వారిని ఐరామ్‌లు అంటారు. పదును పోయిన కత్తెరను ప్రకృతి ఇన్ని కోట్ల ఏళ్ళు ఎందుకు దాచుకున్నదని అందరికీ సందేహం. అడామ్-17ను ద్రవ్యజాలం నుంచి బయటికి వెంటబెట్టుకుని వెళ్ళేది వీరేనని ఆ ఏడాది తెలిసింది. ఐరామ్ లేకపోతే కత్తెర తయారైన చోటనే ఉండిపోతుంది. అదే ఏడాది మరో పరిశోధనలో, అరచేతులు, అరికాళ్ళ చర్మం దళసరి అయి, అన్నవాహిక కేన్సరుకు దారితీసే ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధికి మూలం ఐరామ్-2 జన్యువులోని దోషమేనని బయటపడింది. కారకం జన్యువు చెడలేదు, గ్రాహకం జన్యువు చెడలేదు. వెంట వెళ్ళేవాడి నడత మారింది, అంతే.

గేటును మూసేస్తే సరిపోదా అని మందుల సంస్థలు కూడా ఆలోచించాయి. టి.ఎన్.ఎఫ్. రుమటాయిడ్ కీళ్ళవాతంలో ముఖ్య దోషి కనుక, అడామ్-17ను ఆపే మాత్రలను తయారుచేసి పరీక్షించాయి. వాటిలో ఏదీ మందుగా నిలబడలేదు. ఫలితం చాలకపోవడం, కాలేయానికి హాని వంటి చిక్కులు వచ్చాయి. ఒకే గేటు నుంచి పదుల రకాల సరుకు పోతున్నప్పుడు గేటు మూయడం తెలివైన పని కాదని మా అభిప్రాయం. విడుదలైన టి.ఎన్.ఎఫ్.ను పట్టి ఉంచే ఇంజెక్షన్లు మాత్రం 1990 దశకం చివరినుంచి ఎందరో రోగులను మంచం దిగి నడిచేలా చేశాయి.

ఇప్పుడు ఆ ఇంటి విషయానికి వద్దాము. బుగ్గ, నాలుక, గొంతు కేన్సర్లు మన దేశంలో పొగాకు, గుట్కాల పుణ్యమా అని చాలా ఎక్కువ. ఈ గడ్డలలోని కణాలు తరచుగా ఇ.జి.ఎఫ్. గ్రాహకాలను మితిమీరి అమర్చుకుంటాయి. అంతేకాక, తామే కబురు విడుదల చేసి తామే అందుకుంటాయి. కేన్సరు కణాలకు ఈ స్వభావం ఉన్నదని 1980లో మైకేల్ స్పోర్న్, జార్జి టొడారో ప్రతిపాదించారు. అధికారి సంతకం లేకుండా తన ఇండెంటు తానే రాసుకుని, తానే మంజూరు చేసుకుని, సరుకు తానే తీసుకుపోయే గుమాస్తా వంటిది ఆ కణం. అక్కడ చేయగలిగిన పని గ్రాహకాన్ని మూసివేయడం. బెంగళూరులోని బయోకాన్ సంస్థ క్యూబా శాస్త్రవేత్తలతో కలిసి 2006లో మన దేశంలో విడుదల చేసిన నిమోటుజుమాబ్ అటువంటి మందు. తల్లిగారికి ఇచ్చినది ఈ తరగతిదే.

తండ్రిగారి అరికాలిది దీనికి పూర్తిగా భిన్నమైన స్థితి. మామూలు గాయంలో అంచునున్న కణాలు తమ పొర మీది కారకాలను కోసి విడుదల చేసుకుని, ఆ కబురుతో కదిలి గాయాన్ని కప్పుకుంటాయి. మానని మధుమేహ పుండులో ఊరే ద్రవంలో ప్రోటీనులను తినేసే ఎంజైములు పేరుకుపోయి, విడుదలైన కబురును కూడా నమిలేస్తాయి. రక్తప్రసారం, స్పర్శ కూడా తక్కువే. అందుచేత కబురును బయటనుంచి, ఆ చోటనే, కొలత ప్రకారం అందించే ప్రయత్నం జరుగుతుంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన రీజెన్-డి అనే జెల్‌లో ఉన్నది, కోహెన్ కనుగొన్న కారకానికి మానవ రూపమే.

ఆమె భయం ఊహ మాత్రమే అని మేము అనము. మధుమేహ పుండ్లకు 1997లో అమెరికాలో అనుమతి పొందిన బెకాప్లెర్మిన్ అనే జెల్‌లో ఉండేది వేరొక వృద్ధి కారకం. మూడు ట్యూబులు, అంతకు మించి వాడినవారిలో కేన్సరు మరణాలు ఎక్కువగా కనిపించాయని 2008లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ డబ్బా మీద గట్టి హెచ్చరిక వేయించింది. తరువాతి పరిశీలనలను చూసి 2018లో ఆ హెచ్చరికను తొలగించింది. అయినా పూసే చోట కేన్సరు గడ్డ ఉంటే ఆ జెల్ వాడరాదన్న నియమం మాత్రం అలాగే ఉన్నది.

మేము ఆమెకు పంపిన జవాబులో రాసినది ఇంతే. తల్లిగారి వ్యాధి తండ్రిగారి పాదానికి సంబంధించినది కాదు. తండ్రిగారికే ఎప్పుడైనా కేన్సరు వచ్చి ఉంటే, లేదా ఆ పుండు రూపం అనుమానాస్పదంగా ఉంటే, అది డాక్టరుగారికి తప్పక చెప్పవలసిన విషయం. రక్తంలో చక్కెర అదుపు, పాదం మీద బరువు పడకుండా చూడడం, చచ్చిన కండను తొలగించడం, చీము లేకుండా చూడడం ముందు జరగాలి. జెల్ వాటికి తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. ఇద్దరి ఫైళ్ళూ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్ళండి, అమ్మా. ఫ్రిజ్‌లో ఉన్న ట్యూబును కూడా వెంట తీసుకువెళ్ళి, దాని మీది గడువు తేదీ డాక్టరుగారికి చూపించిన తరువాతే మూత తీయండి.